మంచు అంచున మాచిపత్రి

వినాయక చవితి పూజలో మొదట వేసే ఆకు మాచిపత్రి. ఇంట్లో ఒకరు పుస్తకం పట్టుకుని “సుముఖాయ నమః, మాచీపత్రం పూజయామి” అని చదువుతుంటే, పత్రి కుప్పలోంచి ఆ ఆకుని వెతికి అందించే పని పిల్లలది. మా ఇంట్లో అది నా పని. గుర్తుపట్టడానికి అమ్మ చెప్పిన కిటుకు ఒకటే: తిప్పి చూడు, అడుగున తెల్లగా ఉంటుంది, నలిపి చూడు, ఘాటు వాసన వస్తుంది. ఆ తెలుపూ ఆ వాసనా ఆ ఒక్క మొక్కవే కావని, దాని వంశంలో చాలామందికి ఉన్నాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ వంశం పేరు ఆర్టెమిసియా. చామంతి కుటుంబంలో ఒక పెద్ద ప్రజాతి, సుమారు 500 జాతులు. పూలదండల్లో మరువంతో పాటు కట్టే దవనం ఇందులోదే. మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్ మందు ఇందులోని ఒక చైనా మొక్క నుంచే వచ్చింది. దాన్ని బయటికి తీసిన టు యుయు గారికి 2015లో నోబెల్ ఇచ్చారు. పేగుల్లోని ఏలిక పాముల్ని పడగొట్టడానికి ఒకప్పుడు ప్రపంచమంతా మింగిన సాంటోనిన్ కూడా ఈ వంశపు చేదే. లద్దాఖ్, స్పితి దారుల్లో బైకుల మీద తిరిగొచ్చిన మన కుర్రాళ్ళ ఫోటోల్లో రోడ్డు పక్కన బూడిద రంగు పొదలు కనిపిస్తాయి చూడండి, వాటిలో చాలా వరకు వీళ్ళ బంధువులే. ఎండకి ఎండి, చలికి వణికే నేలలంటే ఈ వంశానికి ప్రత్యేకమైన ఇష్టం.

బాగా ఎత్తున, బాగా చలిలో కాపురం పెట్టిన శాఖ ఒకటి యూరప్‌లోని ఆల్ప్స్ కొండల్లో ఉంది. చెట్లు ఆగిపోయిన చోటికి ఇంకా పైన, 2,000 మీటర్లు దాటాక మొదలై 3,000 మీటర్ల పైదాకా, బండల పగుళ్ళలో, హిమానీనదాలు వదిలిపోయిన రాళ్ళ గుట్టల్లో బతుకుతుంది. జానెడు కూడా ఎదగదు. నేలకి అంటుకుని చిన్న దిండులా ముడుచుకుని ఉంటుంది. మాచిపత్రికి అడుగువైపే ఉండే తెల్లటి నూగు దీనికి ఒళ్ళంతా ఉంటుంది. ఎండ పడితే దూరం నుంచి వెండి బిళ్ళలా మెరుస్తుంది. వేసవి చివర్లో సన్నటి కాడలు లేచి, వాటికి పసుపు రంగు గుండు పూలు వస్తాయి. ఫ్రాన్స్‌లో, ఇటలీలో, స్విట్జర్లాండ్‌లో కొండ మనుషులు దీన్ని ‘జెనెపి’ అంటారు. దీంతో కాచిన కషాయాన్ని జలుబుకీ జ్వరానికీ అజీర్ణానికీ తాగేవాళ్ళు. దీన్ని ఊరేసి చేసే లికర్‌ని ఈ రోజుకీ భోజనం తర్వాత ఒక చిన్న గ్లాసులో పోసి ఇస్తారు.

జెనెపి గురించి కాస్త చదవడం మొదలుపెట్టిన ఎవరికైనా త్వరలోనే తల తిరుగుతుంది. ఒకచోట, ఇది అరుదైన మొక్క, కోస్తే జరిమానా అంటారు. ఇంకోచోట, పొలాల్లో నాట్లేసి పండిస్తున్నారు అంటారు. ఒకచోట ఇందులో విషం ఉందంటారు, ఇంకోచోట అసలు లేదంటారు. ఒకరి లెక్కలో హిమానీనదాలు కరుగుతుంటే దీనికి కొత్త చోటు దొరుకుతోంది, మరొకరి లెక్కలో ఇది మాయమైపోతుంది. చిత్రమేమిటంటే ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో మొక్క గురించో, ఒకే మొక్క కథలో ఒక్కో ఘట్టం గురించో మాట్లాడుతున్నారు, అంతే.

ఇంటిపేరు ఒకటే

మనకి ఉసిరి ఉంది, రాచ ఉసిరి ఉంది, నేల ఉసిరి ఉంది. మూడూ ఒకే ప్రజాతి, మూడు వేరు వేరు జాతులు. ఒకటి చెట్టు, ఒకటి కాలి కింద కలుపు మొక్క. “ఉసిరి లివర్‌కి మంచిదట” అని ఎవరైనా అంటే, ఏ ఉసిరి అని అడగాలి ముందు. జెనెపి సంగతీ అంతే. శాస్త్రీయ నామాల్లో మన తెలుగువాళ్ళ పద్ధతే నడుస్తుంది కదా, ముందు ఇంటిపేరు, తర్వాత మనిషి పేరు. ఇంటిపేరు అందరికీ ఆర్టెమిసియా. మనుషులే వేరు.

తెల్ల జెనెపి అసలు పేరు ఆర్టెమిసియా అంబెల్లిఫార్మిస్. ఆ పేరు పెట్టింది లామార్క్. జిరాఫీ మెడ ఎందుకు సాగిందో చెప్పబోయి పరిణామ సిద్ధాంత చరిత్రలో కాస్త నవ్వులపాలైన ఆ లామార్కే. ఆయన మొదట్లో మంచి వృక్షశాస్త్రజ్ఞుడన్న సంగతి జనం మర్చిపోయారు. అదే మొక్కకి గ్రెనోబుల్ వైద్యుడు విలార్ ఇంకో పేరు పెట్టాడు, ముటెల్లినా అని. పాత పుస్తకాల్లో ఈ రెండో పేరే ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి ఒకే మొక్కని రెండు మొక్కలనుకునే ప్రమాదం కూడా ఉంది.

నల్ల జెనెపి వేరు. దాని పేరు ఆర్టెమిసియా జెనిపి. పూల కింద ఉండే చిన్న రేకుల అంచులు ముదురు గోధుమ రంగులో, దాదాపు నల్లగా ఉంటాయి, అందుకే ఆ పిలుపు. పూలు కాడకి అతుక్కుని కంకిలా వస్తాయి. తెల్లదానికి కింది పూలకి చిన్న తొడిమలుంటాయి, గుత్తి వదులుగా ఉంటుంది. ఊళ్ళలో నల్లదాన్ని మగదని, తెల్లదాన్ని ఆడదని కూడా అంటారు. శాస్త్రానికీ దానికీ సంబంధం లేదు. వాసన ఘాటుగా ఉన్నదాన్ని మగది అనేయడం మనుషులందరికీ ఉన్న అలవాటే.

మూడోది ఆర్టెమిసియా గ్లేసియాలిస్, హిమానీనదాల జెనెపి. ఈ పేరు, మొక్కలకి రెండు మాటల పేర్ల పద్ధతి తెచ్చిన లినేయస్ పెట్టిందే. పశ్చిమ ఆల్ప్స్‌లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ముగ్గురిలోనూ ఒత్తుగా, నిజంగా దిండులా పరుచుకునేది ఇదే. పసుపు పూలన్నీ కాడ చివర ఒకేచోట గుంపుగా ఉంటాయి. చూడ్డానికి అన్నిటికంటే అందమైనది. వాసనకి మాత్రం నల్లదానికే కొండవాళ్ళ ఓటు. ఇవి కాక ఇటలీ అపెన్నైన్ కొండల్లో, పిరనీస్‌లో, కార్పేతియన్లలో ఎరియాంథా అని ఇంకొకటి. స్పెయిన్ దక్షిణాన గ్రనాడా పైన ఒక్క కొండ వరసలో ఇంకొకటి. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

తెలుపు ఎక్కడిది

ముందు ఆ వెండి రంగు సంగతి. ఆకుని భూతద్దం కింద పెడితే వెండీ ఉండదు, తెలుపూ ఉండదు. సన్నటి పారదర్శకమైన వెంట్రుకలు మాత్రమే ఉంటాయి, దట్టంగా, ఒకదాని మీద ఒకటి పడుకుని. చచ్చిపోయిన కణాలు, లోపల గాలి. వెలుగు వాటి మీద పడి అన్ని దిక్కులకీ చెదిరిపోతుంది, అన్ని రంగులూ సమానంగా చెదిరితే కంటికి తెలుపు. నురుగు తెల్లగా ఉండడానికి కారణం ఇదే. పత్తి తెల్లగా ఉండడానికీ ఇదే. పత్తి కూడా గింజ మీద పుట్టిన వెంట్రుకే కదా. నమ్మకం లేకపోతే దవనం పొడి రెమ్మ ఒకటి, నీళ్ళలో ముంచి తీసిన రెమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. తడిసిన చోట వెంట్రుకల మధ్య గాలి పోయి నీరు చేరుతుంది, బూడిదతనం తగ్గి ఆకుపచ్చ బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మొక్క ఉన్ని స్వెటర్ వేసుకుంది, చలి ఆపడానికి, అని. స్వెటర్ ఎవరికి పనిచేస్తుంది? ఒంట్లో వేడి పుట్టేవాళ్ళకి. మన ఒళ్ళు వేడి పుట్టిస్తుంది, ఉన్ని దాన్ని బయటికి పోనివ్వదు. మొక్కకి ఒంట్లో వేడి పుట్టదు. రాయికి స్వెటర్ తొడిగితే రాయి వెచ్చబడుతుందా? మరి ఈ నూగు ఎందుకు?

అంత ఎత్తున మొక్కని చంపేవాటిలో చలి ఒక్కటే కాదు, దాహం కూడా ఉంది. చుట్టూ మంచు పెట్టుకుని దాహమేమిటంటారా? పొద్దున్నే ఎండ ఆకు మీద పడుతుంది. ఆ ఎండ మామూలు ఎండ కాదు, గాలి పలచన కాబట్టి వడకట్టేది తక్కువ. ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి. ఆకు వేడెక్కి పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరవడం మొదలవుతుంది. కింద వేరు చుట్టూ నేల ఇంకా గడ్డకట్టి ఉంది, వేరు నీరు తాగలేదు. పైన గాలి ఈడ్చి కొడుతోంది, ఆవిరైన తేమని అప్పటికప్పుడు ఎత్తుకుపోతోంది. ఖర్చు ఉంది, రాబడి లేదు. ఆ గాలిని ఆకు చర్మం దగ్గరికి రానివ్వకుండా ఆపేదే నూగు. వెంట్రుకల మధ్య ఒక పలచటి గాలి పొర కదలకుండా నిలిచిపోతుంది. ఆకు వదిలిన తేమ కాసేపు అక్కడే ఉంటుంది, ఎండ ఇచ్చిన వేడి కూడా కాసేపు అక్కడే ఉంటుంది. మన కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడిక వడగాలికి చేసే పనికి కొంచెం దగ్గరగా ఉంటుంది ఇది. ఎండలో ఎక్కువైన భాగాన్ని తిప్పికొట్టడం రెండో పని. ఆల్ప్స్ అంటే అందరికీ గుర్తొచ్చే ఎడెల్‌వైస్ పువ్వు కూడా ఇదే చామంతి కుటుంబం, ఇదే తెల్లటి నూగు.

పొట్టివాళ్ళ వాతావరణం

దిండు ఆకారం అసలు కిటుకు. సముద్ర మట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది, ఇది బడిలో చదివిన లెక్కే. ఆ లెక్కన కింద 25 డిగ్రీలుంటే 2,800 మీటర్ల దగ్గర ఏడు. ఏడు డిగ్రీల్లో మొక్క ఎదుగుదల బాగా నెమ్మదిస్తుంది. కానీ ఆ ఏడు డిగ్రీలు ఎవరికి? వాతావరణ కేంద్రం తన థర్మామీటర్‌ని నేలకి దాదాపు రెండు మీటర్ల ఎత్తున, నీడలో పెడుతుంది. మనిషి తల ఉండే ఎత్తు అది. జెనెపి తల ఉండేది అక్కడ కాదు.

బాసెల్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ కోర్నర్ అనే శాస్త్రవేత్త జీవితమంతా ఈ ఎత్తు మొక్కల మీదే పనిచేశాడు. ఆయన లెక్కల్లోంచి తేలిన విషయం చాలా సూటిగా ఉంటుంది. చెట్టు గాలిలో నిలబడుతుంది కాబట్టి గాలి ఉష్ణోగ్రతే దాని ఉష్ణోగ్రత. పెరిగే కాలంలో సగటు సుమారు ఆరు డిగ్రీలకి పడిపోయే ఎత్తు వచ్చేసరికి ఏ దేశంలోనైనా చెట్లు ఆగిపోతాయి. పొట్టి మొక్క మాత్రం గాలితో సంబంధం తెంచుకుంటుంది. నేలకి అంటుకుని, రెమ్మలన్నీ దగ్గరగా ముడుచుకుంటే పైనుంచి గాలి జారిపోతుంది, లోపలికి రాదు. ఎండ ఉన్న పూట ఆ దిండు లోపలి వేడి, పైన వీచే గాలి కంటే పది డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. మనం స్వెటర్, కోటు, మఫ్లర్ వేసుకుని పక్కన నిలబడి “అబ్బా, ఏం చలి” అంటుంటే, మన బూటు పక్కన ఉన్న మొక్క వసంతంలో ఉందన్నమాట. ఒకే చోటు, రెండు వాతావరణాలు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. దిండు మొక్కల్లో జెనెపి పెద్ద మేస్త్రీ ఏమీ కాదు. ఆల్ప్స్‌లోనే సైలీన్ అకాలిస్ అనే గులాబి పూల మొక్క ఉంది, దాని మీద చెయ్యి పెట్టి నొక్కినా లొంగనంత గట్టిగా అల్లుకుంటుంది. లద్దాఖ్ ఎత్తుల్లోని దిండు మొక్కలైతే చూడ్డానికి బండరాళ్ళే. జెనెపి దిండు వాటితో పోలిస్తే దూది సరిగ్గా కూరని బొంత. గ్లేసియాలిస్ ఒక్కటే కాస్త పోటీ ఇస్తుంది. మిగతా రెండూ ఒత్తైన కుచ్చులు అంటే సరిపోతుంది. అయినా సూత్రం అదే, ఫలితమూ అదే.

చలికాలం మాట వేరు. అప్పుడు మీద మంచు కప్పు పడుతుంది. మంచు చల్లనిదే గాని, దాని కింద సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. పైన మైనస్ ఇరవై ఉన్నా సరే. పొడిగా, చీకటిగా, కదలకుండా ఐదారు నెలలు పడుకుంటుంది. ఈ మొక్కని ప్రేమగా కిందికి తెచ్చి తోటలో పెట్టినవాళ్ళకి ఎదురయ్యే మొదటి చావు ఇక్కడే. చలికి చావదు. కింద మంచు కప్పు ఉండదు, చలికాలమంతా వానతడి ఉంటుంది, తేమని పట్టి ఉంచడానికే తయారైన ఆ నూగు తడిసి ముద్దై కుళ్ళిపోతుంది.

చేదు చర్మం మీదే

వెంట్రుకల్లో రెండో రకం ఉంది. పొడవైన తెల్లటి వాటి మధ్య దాక్కుని, పొట్టిగా, ఉబ్బుగా, చిన్న సంచుల్లా ఉండేవి. గ్రంథి వెంట్రుకలు. మలేరియా మందిచ్చే ఆర్టెమిసియా ఆన్యువాలో వీటిని బాగా పరిశోధించారు: ఒక్కో సంచిలో పది కణాలు, అవి తయారు చేసిన సరుకు పైపొర కింద నిల్వ ఉంటుంది, నలిపితే సంచి పగులుతుంది. మాచిపత్రి నలిపినప్పుడు చవితి రోజు ఇల్లంతా వచ్చే వాసన ఆ సంచులు పగిలిందే. జెనెపి చేదూ, పరిమళమూ అక్కడివే. పురుగు కొరికితే నోరు చేదెక్కడం మొక్కకి కావాలి. వేసవి రెండు మూడు నెలలే ఉన్నచోట పోయిన ఆకుని మళ్ళీ మొలిపించుకునే తీరిక ఉండదు.

కాబట్టి ఈ మొక్క నుంచి మనిషి కోరుకునేవన్నీ, మెరుపు, వాసన, చేదు, దాని చర్మం మీదే ఉన్నాయి. ఆ చర్మం ఆ చోటు కోసం కుట్టించుకున్నది.

కోసేది పూలకాడలు. మంచి తీరికగా, ఒక చేత్తో బండని పట్టుకుని, ఇంకో చేత్తో. జారిపడినవాళ్ళ కథలు ప్రతి లోయలోనూ ఉంటాయి. ఆరబెట్టి, సారాయిలో ఊరేస్తారు. ఫ్రెంచి ఆల్ప్స్ ఇళ్ళలో చెప్పే కొలత నోటికి వచ్చేలా ఉంటుంది: నలభై కాడలు, నలభై చక్కెర బిళ్ళలు, నలభై డిగ్రీల సారాయి ఒక లీటరు, నలభై రోజులు. మన ఆయుర్వేద వైద్యుడు మందిచ్చి “మండలం రోజులు వాడండి” అన్నట్టే. నలభైకి బదులు ముప్పై ఆరు రోజులుంచితే ఏమవుతుందని ఎవరూ అడగరు, అక్కడా ఇక్కడా.

కొలత గమ్మత్తుగా ఉన్నా ఆ సీసాలో ఉన్న ఒక పదార్థం చుట్టూ పెద్ద గొడవే ఉంది. దాని పేరు థుజోన్. మెదడులో నరాల ఉద్రేకాన్ని అదుపులో పెట్టే ఒక వ్యవస్థని ఇది అడ్డుకుంటుంది. మోతాదు బాగా ఎక్కువైతే మూర్ఛలు వస్తాయి. జెనెపికి పెద్దన్న లాంటి ఆర్టెమిసియా అబ్సింథియంతో చేసే ఆబ్సింత్ అనే ఆకుపచ్చ మద్యం పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్స్‌ని ఊపేసింది. తాగినవాళ్ళకి పిచ్చెక్కుతోందని, కారణం థుజోనేనని డాక్టర్లు కొందరు వాదించారు. 1905లో స్విట్జర్లాండ్‌లో ఒక కూలీ భార్యనీ ఇద్దరు పిల్లల్నీ కాల్చి చంపాడు. ఆ రోజు అతను లీటర్ల కొద్దీ వైన్, పైన బ్రాందీ తాగాడు. నేరం మాత్రం రెండు గ్లాసుల ఆబ్సింత్ నెత్తిన పడింది. 1910లో స్విట్జర్లాండ్, 1915లో ఫ్రాన్స్ దాన్ని నిషేధించాయి. దాదాపు శతాబ్దం తర్వాత, నిషేధానికి ముందునాటి 13 పాత సీసాలు వెతికి పరీక్షించిన ఫలితాలు 2008లో వచ్చాయి. సగటున లీటరుకి పాతిక మిల్లీగ్రాముల థుజోన్. పిచ్చెక్కించే మోతాదు కాదు. పిచ్చెక్కించింది మామూలు సారాయే, అతిగా తాగితే ఏ సీసా అయినా చేసే పని.

అయినా భయం చట్టంలో మిగిలింది, అది మంచిదే. యూరప్ 2008 నిబంధనల ప్రకారం ఆర్టెమిసియా మొక్కలతో చేసిన మద్యంలో కిలోకి 35 మిల్లీగ్రాములు మించకూడదు, మిగతా మద్యాల్లో పది. మరి జెనెపిలో ఎంత ఉంది? మళ్ళీ అదే ప్రశ్న: ఏ జెనెపి? ఇక్కడ ముడి ఇంకో మెలిక తిరుగుతుంది. ఒకే జాతి తెల్ల జెనెపిలోనే రెండు స్వభావాలున్నాయి. ఇటలీ పీడ్‌మాంట్‌ వైపు మొక్కల తైలంలో థుజోన్ ప్రధానం. స్విట్జర్లాండ్‌లో ఎంపిక చేసి సాగులోకి తెచ్చిన రకంలో అది దాదాపు లేదు. ఆకు చూసి చెప్పలేం, తైలాన్ని యంత్రంలో పెట్టి విడగొడితేనే తెలుస్తుంది. ఒకే ఇంటి అన్నదమ్ములు, మొహాలు ఒకటే, గుణాలు వేరు. “జెనెపిలో విషం ఉంది”, “లేదు” అన్న ఇద్దరూ నిజమే చెప్పారని అన్నది ఇందుకే.

కొండ మీద చట్టం, పొలంలో నాట్లు

ఇన్ని లోయల్లో ఇంతమంది కోస్తే కొండ ఎంతకాలం ఇస్తుంది? ఇటలీలో గ్రాన్ పారడిసో 1922లో, ఫ్రాన్స్‌లో వనోయిజ్ 1963లో జాతీయ పార్కులయ్యాయి. తర్వాత ఎక్రాన్, మెర్కాంటూర్ వచ్చాయి. పార్కు నడిబొడ్డున కోతకి నియమాలు గట్టివి. బయట, ఫ్రాన్స్‌లో జిల్లా జిల్లాకీ ఒక ఉత్తర్వు. కొన్నిచోట్ల మనిషికి వంద కాడల వరకు ఒప్పుకుంటారు, పీకకూడదు, కత్తెరతో కొయ్యాలి. వంద కాడలంటే పై కొలత ప్రకారం రెండున్నర సీసాలు. ఇంట్లోకి చాలు, అంగడికి చాలదు. అలా చాలకపోవడమే ఆ నియమంలోని తెలివి.

అంగడికి పొలాలున్నాయి. ఇటలీలో కూనియో జిల్లా లోయల్లో, ఆవోస్తాలో, స్విట్జర్లాండ్ వాలె ప్రాంతంలో పదిహేను వందల మీటర్ల పైన నాట్లేస్తున్నారు. కలుపు చేత్తోనే తియ్యాలి. నాలుగేళ్ళలో మొక్క ముసలిదై మళ్ళీ నాటాలి. సులువైన పంట కాదు గాని నడుస్తోంది. పీడ్‌మాంట్ జెనెపికీ ఆవోస్తా జెనెపికీ భౌగోళిక గుర్తింపులు కూడా ఉన్నాయి, మన పోచంపల్లి ఇక్కత్‌కీ తిరుపతి లడ్డూకీ ఉన్నట్టు. కానీ నాట్లకి ఒప్పుకున్నది ప్రధానంగా తెల్లది ఒక్కటే. వాసనలో రాజైన నల్లది పొలాన్ని అంతగా సహించదు. దుకాణంలో సీసా కొంటే లోపలున్నది దాదాపుగా తెల్లదే అనుకోవచ్చు. పొలం తెల్లదానికి కొండ మీద కాస్త ఊపిరి పోసింది. నల్లదాని మీద మోజు మాత్రం తగ్గించలేదు, “అసలైనది అదే” అనే మాట ఉన్నంతకాలం తగ్గదు కూడా.

ఆ నల్లదే హిమానీనదం ఒడిలో పెరిగే పిల్ల. మంచు వెనక్కి జరిగినప్పుడు బయటపడే పచ్చి రాళ్ళ నేల దానికి ఇష్టం. పోటీ ఉండదు. స్విట్జర్లాండ్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్ళలోనే తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి. అంటే కొత్త రాళ్ళ నేల బోలెడు. మొదట్లో ఇది నల్ల జెనెపికి పండగే. తర్వాత మట్టి పేరుకుంటుంది, గడ్డి వస్తుంది, పొదలు వస్తాయి, ఎత్తైనవాళ్ళు పొట్టివాళ్ళ ఎండని కాజేస్తారు. యూరప్‌లోని 302 శిఖరాల మీద 145 ఏళ్ళ లెక్కలు సరిచూసి 2018లో చెప్పినది ఇదే: కింది మొక్కలు శిఖరాలకి ఎక్కుతున్నాయి, వేగం ఏటేటా పెరుగుతోంది. ఇటలీ ఆల్ప్స్‌లో నాలుగు హిమానీనదాల చుట్టూ 117 మొక్కల్ని లెక్కించిన 2021 అధ్యయనం, మంచు పూర్తిగా పోతే వాటిలో ఐదో వంతుకి పైగా అక్కడ మాయమవుతాయని అంచనా వేసింది. ఆ జాబితాలో నల్ల జెనెపి ఉంది. కొత్త చోటు దొరకడం, మాయమవడం, రెండూ ఒకే మొక్క కథలో ముందువెనకలుగా జరిగేవే.

ఇక గ్రనాడా. స్పెయిన్ దక్షిణాన, ఆఫ్రికాకి కూతవేటు దూరంలో, సియెర్రా నెవాడా అని ఒక కొండ వరస. 1837లో జెనీవా వృక్షశాస్త్రజ్ఞుడు బొయ్‌సియే అక్కడికెక్కి, వెండి నూగుతో నేలకి అంటుకున్న ఒక చిన్న ఆర్టెమిసియాని చూసి, గ్రనాడా పేరే పెట్టాడు: గ్రనాటెన్సిస్. ఈ ఒక్క కొండ వరసలో తప్ప మరెక్కడా లేదు. ఊరివాళ్ళు మాత్రం దాన్ని ‘మంజానియా’ అన్నారు. మంజానియా అంటే చామంతి టీ చేసుకునే వేరే మొక్క. కింద పొలాల గట్ల మీద పుష్కలంగా ఉండేది. కొండ మీది దీనికి ‘రాజ మంజానియా’ అని హోదా ఇచ్చి, మామూలు చామంతి కంటే గొప్పదని, కడుపునొప్పికి తిరుగులేదని తరతరాలుగా కోసి, పీకి, మూటలు కట్టి అమ్మారు. జెనెపికి పేరు కలగలిసి కొంత మేలు జరిగింది. ఒక చెల్లి పొలానికి వెళ్ళి కొండ మీద భారం కాస్త తగ్గించింది. దీనికి పేరు కలగలిసి చావొచ్చింది. మామూలు మొక్క పేరుతో పిలిచినదాన్ని ఎవరూ అరుదైనదనుకోలేదు.

ఇప్పుడది అంతరించే ప్రమాదం అంచున ఉంది. యూరప్ 1992 ఆవాస రక్షణ ఆదేశంలో ముందుగా కాపాడాల్సిన జాతుల్లో చేర్చారు. 1999లో ఆ కొండలు జాతీయ పార్కయ్యాయి, కోత నేరం. మిగిలిన మొక్కలు 2,500 మీటర్ల పైన, గొర్రెలకీ మేకలకీ మనిషికీ అందని బండల మధ్య ఉన్నాయి. కింద ఏటికేడాది వేడి పెరుగుతోంది, మంచు తొందరగా కరుగుతోంది. ఆల్ప్స్ మొక్కకి పక్క కొండ ఉంటుంది, దాని పక్కన ఇంకోటి. ఇక్కడ ఎక్కడానికి మిగిలింది ముల్హాసెన్ శిఖరం దాకానే, 3,479 మీటర్లు.